పిల్లల దోసిట్లో ఏం పెడదాం?

కృష్ణా తీరపు ఊళ్ళలో వీధిబడులు నడిచిన కాలంలో దసరా నవరాత్రులు వచ్చాయంటే పిల్లలు పలకలు గూట్లో పెట్టేసేవారు. అయ్యవారు ముందు నడిస్తే కొత్తబట్టలు కట్టిన పిల్లలంతా ఆయన వెనక వరస కట్టేవారు. చేతుల్లో వెదురు బద్దలతో చేసి రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు ఉండేవి. వాటినే గిలకలనేవారు. బాణం కొనకు చిన్న దొప్ప, అందులో పూలరేకులూ బుక్కాపొడీ. ఇంటి ముందు నిలబడి పద్యాలూ పాటలూ పాడి, తాడు లాగి వదిలితే ఇంటివాళ్ళ మీద పూలు కురిసేవి. ఇంటి యజమాని అయ్యవారికి కట్నం ఇచ్చేవాడు. ఇల్లాలు పిల్లల దోసిళ్ళలో పప్పుబెల్లాలు పోసేది. గుప్పెడు పుట్నాలపప్పు, ఓ బెల్లం ముక్క. వీధి మలుపు తిరిగేలోపే అవి అయిపోయేవి. విల్లంబు మాత్రం పండగ వెళ్ళిపోయాక కూడా పిల్లవాడి దగ్గరే ఉండేది.

అమెరికాలో అక్టోబరు 31 రాత్రి హాలోవీన్ పండగ. అక్కడి పిల్లలు కూడా ఇంటింటికీ తిరుగుతారు. వేషాలు కట్టుకుని, బుట్టలు పట్టుకుని తలుపు తడితే చాలా ఇళ్ళలో మిఠాయి దొరుకుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవలు ఆ వేషాలను విజయవాడలోని అమ్మమ్మలకూ తాతయ్యలకూ వీడియో కాల్‌లో చూపిస్తుంటారు. 2024లో మన దీపావళి కూడా సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ఈ మధ్య మన విజయవాడలోనూ కొన్ని ప్రైవేటు బడులు, కొన్ని అపార్ట్‌మెంట్లు ఆ రోజున చిన్నపిల్లలకు దెయ్యాల వేషాలు వేయించి చాక్లెట్లు పంచుతున్నాయి.

వేషాలు మనకు కొత్త కాదు. పగటివేషాలకు పేరుపడ్డ కూచిపూడి ఈ డెల్టాలోదే. దసరాకు డప్పుల మోతతో పులివేషాలు వీధికెక్కుతాయి. బందరులో శక్తిపటాలు కట్టుకుని, కాళిక ముఖం ధరించి ఊరేగుతుంటే చిన్నపిల్లలు భయపడి తల్లి కొంగు వెనక దాక్కుని, మళ్ళీ అక్కణ్ణుంచే తొంగి చూస్తారు. కాబట్టి పిల్లలు వేషం వేసినందుకు ఎవరూ బెంగపడాల్సిన పని లేదు. ఆలోచించవలసింది, వేషం విప్పాక ఆ పిల్లల చేతిలో పెట్టే పొట్లం గురించి.

వినాయక మండపం, నవరాత్రి పందిరి, బాలల దినోత్సవం, క్లాసులో పుట్టినరోజు, కాలనీ సంక్రాంతి సంబరాలు... సందర్భం ఏదైనా ఇప్పుడు చివర్లో పంచేది ఒక్కటే: చాక్లెట్లో, లాలీపాప్‌లో. పెద్దవాళ్ళకు అది సులువు. కిరాణా కొట్టులో డబ్బా కొంటే సరిపోతుంది. ఎంతమంది పిల్లలొచ్చినా లెక్క కుదురుతుంది. ఇచ్చేవాళ్ళ మనసులో ప్రేమే ఉంటుంది, సందేహం లేదు. కానీ పిల్లల రోజువారీ తిండి లెక్క వేరు. శరీరానికి అందే శక్తిలో కలుపుకున్న చక్కెర వాటా పదో వంతుకు మించకూడదని, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ సగం లెక్క పెద్దవాళ్ళకే రోజుకు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు టీ చెంచాలు. నలభై గ్రాముల పాల చాక్లెట్ బార్ ఒక్కదానిలోనే చక్కెర ఇరవై గ్రాములకు పైగా ఉంటుంది. ఇక నాలుగేళ్ళ పిల్లకు మిగిలేది ఎంత?

ప్రభుత్వాలూ ఈ సంగతి గమనించాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువైన తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. రోజూ తినే వాటిలో చక్కెర ఎంతుందో పిల్లలకు కనబడేలా బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025 మే నెలలో తన బడులను ఆదేశించింది. తిరునాళ్ళలో పిల్లలు మారాం చేసి కొనిపించుకునే గులాబీ రంగు పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల అద్దకపు రంగు కలుస్తోందని తేలాక, 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించాయి.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు వచ్చే అనుమానం ఒకటుంది. మిఠాయి లేకపోతే పిల్లలు చిన్నబుచ్చుకోరా? అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ఊహకు వదలకుండా హాలోవీన్ రాత్రే పరీక్షించారు. కనెక్టికట్ రాష్ట్రంలో ఏడు ఇళ్ళ ముందు రెండేసి పళ్ళేలు పెట్టారు. ఒకదానిలో పేరున్న కంపెనీల మిఠాయి, రెండోదానిలో చవకైన చిన్నచిన్న ఆటవస్తువులు. మూడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వయసున్న 284 మంది పిల్లలు వచ్చారు. ఏదో ఒకటే తీసుకోమంటే, దాదాపు సగం మంది ఆటవస్తువే తీసుకున్నారు. 2003లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లలకు తీపి తప్ప మరేదీ పట్టదనే మాట పెద్దవాళ్ళు అల్లుకున్నదే.

ఆ దేశంలో కూడా హాలోవీన్ మొదటినుంచీ చాక్లెట్ల పండగ కాదు. ఇంట్లో చేసిన బిస్కెట్లు, పళ్ళు, వేరుశనగకాయలు, చిల్లర నాణేలు, చిన్న బొమ్మలు పెట్టేవారు. రెండో ప్రపంచయుద్ధంలో చక్కెరకు రేషన్ వచ్చినప్పుడు ఇంటింటికీ తిరగడమే చాలావరకు ఆగిపోయింది. కంపెనీ కాగితం చుట్టిన మిఠాయే క్షేమమన్న భయం 1970ల్లో పాకి, మిగతావన్నీ వెనకబడ్డాయి. అయితే అంతకు ముందే, 1950లో, ఫిలడెల్ఫియాలో ఆలిసన్ అనే దంపతులు పిల్లల చేతికి పాలడబ్బాలు ఇచ్చి, యుద్ధంలో దెబ్బతిన్న దేశాల పిల్లల కోసం చిల్లర పోగుచేయించారు. ఆ ఏడు వచ్చింది పదిహేడు డాలర్లు. అదే తర్వాత యూనిసెఫ్‌కు ఏటా జరిగే పెద్ద వసూలుగా ఎదిగింది.

మరో ప్రయత్నం మనం చెప్పుకుంటున్నదానికి ఇంకా దగ్గరిది. వేరుశనగ, పాలు, గుడ్లు పడని పిల్లలు హాలోవీన్ రాత్రి బుట్ట నింపుకుని ఇంటికొచ్చి, అందులో సగం తీసి పారేయాల్సి వచ్చేది. టెనెసీ రాష్ట్రంలో ఒక తల్లి మొదలుపెట్టిన ఉపాయాన్ని 2014లో ఆహార ఎలర్జీలపై పనిచేసే ఒక జాతీయ సంస్థ దేశమంతటికీ తీసుకెళ్ళింది. ఇంటి ముందు నీలం-ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయ కనిపిస్తే, ఆ ఇంట్లో తినేవి కాకుండా ఆటవస్తువులు కూడా ఉన్నాయని అర్థం. అక్కడి శాకాహారులైన తెలుగు కుటుంబాలకూ ఇది మేలే చేసింది. జెల్లీ మిఠాయిల్లో, మార్ష్‌మెల్లోల్లో కలిపే జెలటిన్ పశువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది కదా. స్టిక్కర్లకూ పెన్సిళ్ళకూ ఆ బాధ లేదు.

విజయవాడ అపార్ట్‌మెంట్లలోనూ రోజూ ఇన్సులిన్ వేసుకునే పిల్లలున్నారు. వరసలో అందరితోపాటు నిలబడి, తన వంతు వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకోవాల్సిన పిల్లవాడి గురించి ఉత్సవ కమిటీ ఒక్కసారి ఆలోచించాలి. అందరికీ ఒకే రకం బొమ్మ ఇస్తే ఆ పిల్లవాడూ అందరిలో ఒకడవుతాడు.

ఆ బొమ్మ కోసం ఎంతో దూరం వెళ్ళనక్కర్లేదు. నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉంది. రెడ్డిరాజుల ఖిల్లా కింద, బొమ్మల కాలనీ అని పేరుపడ్డ వీధుల్లో ఇప్పటికీ అరుగుల మీద కూర్చుని కొయ్య చెక్కుతున్నారు. తమ పూర్వీకులు కొన్ని శతాబ్దాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని ఆ ఆర్యక్షత్రియ కుటుంబాలు చెప్పుకుంటాయి. కొయ్య పేరు తెల్లపొణికి. తేలిక, మెత్తన. ముందు చెమ్మంతా పోయేదాకా ఎండబెట్టి, సన్నని సెగ మీద కాస్తారు. తర్వాత తల, చేతులు, మొండెం వేటికవే చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. దానితోనే ముక్కలు అతికి, ఒంపులు తీర్చి, సున్నం పూసి ఆరనిచ్చి, ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పెళ్ళి పల్లకి, దశావతారాలు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు ఈ చేతుల్లోంచే వస్తున్నాయి. ఆ గీతకార్మికుడి బొమ్మ ముందు పిల్లలు ఆగిపోతారు. ఊరి పొలాల గట్ల మీద చూసిన మనిషే జానెడు బొమ్మై కనిపిస్తాడు మరి. భౌగోళిక గుర్తింపు ఉన్న ఈ కళకు ఇప్పుడు కొయ్య దొరకడమే పెద్ద కష్టం. పొణికి చెట్లు తరిగిపోయాయి. కొత్త మొక్కలు నాటినా అవి చేతికందేదాకా ఏళ్ళు పడుతుంది.

దసరాకూ సంక్రాంతికీ బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఏడాదికి ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలనేది ఆనవాయితీ. కొండపల్లికి అన్నం పెట్టిన కొనుగోళ్ళలో అదొకటి. ఇప్పుడు కొలువులు తగ్గిన చోట కాలనీ ఉత్సవాలు పెరిగాయి. నూరుమంది పిల్లలొచ్చే ఉత్సవానికి నూరు చిన్న బొమ్మలు ముందుగా చెప్పి చేయించుకుంటే, ఆ డబ్బు నేరుగా ఉలి పట్టిన మనిషికి చేరుతుంది. పెద్ద ఏనుగు అంబారీలే కావాలని లేదు. వేలెడంత చిలక, కుందేలు చాలు. ఇంకా మంచిది రంగు వేయని బొమ్మ. ఒక బల్ల, నాలుగు గిన్నెల నీటిరంగులు, కుంచెలు పెట్టి, ఒక పనివాణ్ణి పిలిచి కూర్చోబెడితే పిల్లలు ఎవరి బొమ్మకు వాళ్ళే రంగు వేసుకుంటారు. ఒకరు ఎర్రచిలక చేస్తారు, ఒకరు నీలిచిలక చేస్తారు. రెండు గంటలు ఎక్కడి వాళ్ళక్కడే కూర్చుంటారు. మిఠాయి పంచితే రెండు నిమిషాల్లో పందిరి ఖాళీ అయిపోయేది.

అయితే ఒక మాట తప్పక చెప్పాలి. కొండపల్లి బొమ్మ ఎక్కువగా చూసి మురిసేది. నేలకేసి కొడితే విరుగుతుంది. కొన్నిటికి ఎనామిల్ రంగులు వేస్తారు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అవి తగవు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అయినా పిల్లల కోసం కొనేటప్పుడు సహజమైన రంగులు వేసినవే అడిగి తీసుకోవడం మంచిది. మరీ చిన్నవాళ్ళకు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మలు మేలు. అంకుడు కర్రను తరిణె పట్టి, పసుపు, నీలిమందు వంటి వాటితో తీసిన రంగులను లక్కలో కలిపి పూస్తారు. అంచులు గుండ్రంగా ఉంటాయి. ఆ రంగుల కోసం దశాబ్దాలు శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మ అయినంత మాత్రాన ప్రతిదీ క్షేమం కాదు. నిజానికి చాక్లెట్ కంటే ప్రమాదకరమైన వస్తువులు ఉత్సవాల దగ్గర బుట్టల్లో అమ్ముతున్నారు. మిణుకుమిణుకుమనే ప్లాస్టిక్ ఉంగరాల్లో, బొంగరాల్లో గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. పిల్లవాడు దాన్ని మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. మింగినట్టు అనుమానం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు కడుపులో కూడా ఉబ్బుతాయి. పగిలిన బుడగ ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే ఆటవస్తువులో ఏ ముక్కా సుమారు 32 మిల్లీమీటర్ల గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయేంత చిన్నది కాకూడదని భద్రతా ప్రమాణాలు చెబుతాయి. పదిరూపాయల బిళ్ళ అడ్డంగా 27 మిల్లీమీటర్లు. అంటే అంతకంటే ఇంకాస్త పెద్దదై ఉండాలి. భోగినాడు నెత్తిన పోసే రేగుపళ్ళు, చిల్లర, నానిన శనగలు ఈ కొలతలో అన్నీ చిన్నవే. సరదా తీరాక పసివాళ్ళ చుట్టూ రాలినవి వెంటనే ఏరేయడం ఒక్కరి బాధ్యతగా అప్పగిస్తే మంచిది.

కంపెనీ బొమ్మ కొంటే ఐఎస్ఐ గుర్తు చూడాలి. 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వాళ్ళు చేసినవాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఉంది కాబట్టి కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద ఆ గుర్తు కనబడదు. అక్కడ కొనేవాళ్ళే రంగు గురించీ ముక్కల గురించీ అడిగి తెలుసుకోవాలి.

డెల్టాలో డబ్బు పెట్టకుండా దొరికే బొమ్మల దుకాణం తాటిచెట్టు. దాని ఆకుతో గాలిమర, బూర, చిలక చేయవచ్చు. వేసవిలో ముంజలు తిన్నాక మిగిలిన కాయలకు పుల్ల గుచ్చితే బండి అయ్యేది. తాటాకు బొమ్మలకు పెళ్ళిళ్ళు చేసి, బువ్వంబంతులు పెట్టి ఆడిన అమ్మమ్మలు ఈ నగరపు ఫ్లాట్లలోనే ఉన్నారు. ఉత్సవ కమిటీ వాళ్ళను పిలిచి ఒక చాప పరిస్తే చాలు, గాలిమర ఎలా మడవాలో పిల్లలకు వాళ్ళే నేర్పుతారు. అట్లతద్ది కూడా హాలోవీన్‌కు అటూ ఇటూగా ఆశ్వయుజంలోనే వస్తుంది. ఆ రోజు ఉయ్యాలలు వేయడం పాత అలవాటే. చింతపిక్కలు, గవ్వలు, అష్టాచెమ్మా గీసిన గుడ్డ చిన్న సంచిలో పెట్టి ఇస్తే ఆటకు ఆట, నలుగురు కూర్చోడానికి సాకు.

ఆ సంచి పెడనలో దొరుకుతుంది. బందరుకు దగ్గర్లో ఉన్న ఆ ఊళ్ళో టేకు చెక్క మీద తొలిచిన అచ్చులతో కలంకారీ గుడ్డలు అద్దుతారు. ముక్కలతో కుట్టిన సంచులు ప్లాస్టిక్ పొట్లాలకు బదులవుతాయి. వీలుంటే రెండు అచ్చులూ కాస్త రంగూ తెప్పించి పిల్లల చేత చేతిరుమాళ్ళ మీద అద్దించవచ్చు. 2022 జులై 1 నుంచి బుడగలకూ మిఠాయిలకూ గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు దేశమంతా నిషేధంలో ఉన్నాయి. అయినా మండపం తెల్లవారి ఊడ్చేటప్పుడు దొరికేవి అవే.

రేడియోలో పిల్లల మాట వచ్చినప్పుడు న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తలవకుండా ఉండలేం. రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా వాళ్ళు తెలుగు పిల్లల చేత పాడించారు, ఆడించారు, నాటకాలు వేయించారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. రెండేళ్ళకు, 1947 జులైలో ‘చందమామ’ వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ తరం పిల్లలకు పుస్తకం రావడమే పండగ. ఇవాళ కూడా నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వంటి ప్రచురణకర్తలు పిల్లలకు బొమ్మల కథలను తక్కువ ధరకే ఇస్తున్నారు. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం ఏటా జనవరిలో జరుగుతుంది. సంక్రాంతి సంబరాలకు పంచాల్సిన పుస్తకాలు అక్కడే ఎంచుకోవచ్చు. ఇంగ్లండులో పుట్టిన రచయిత నీల్ గేమన్ 2010లో, హాలోవీన్‌కు ఒకరికొకరు భయపెట్టే కథల పుస్తకం ఇచ్చుకోండని పిలుపిచ్చాడు. దెయ్యాల కథలకు తెలుగులో కరువేముంది? శవం భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణీ, ఆ శవంలో చేరి కథలు చెప్పే బేతాళుణ్ణీ ‘చందమామ’ ఇంటింటికీ తీసుకెళ్ళింది.

తీపి పూర్తిగా మానేయాలని ఎవరూ అనడం లేదు. పండగ పూట ఇంట్లో అరిసె తింటే తప్పేమీ లేదు. పందిట్లో తినేదేదైనా పెట్టాలనుంటే పేరంటాల్లో ఇచ్చే శనగ గుగ్గిళ్ళు, జామకాయ, చక్రకేళి ఉన్నాయి. వాటిని వేడుక మధ్యలో అందరూ కూర్చుని తినేలా పెట్టాలి. చేతిలో పెట్టి పంపేది మాత్రం ఆటవస్తువైతే బాగుంటుంది. ఐదేళ్ళలోపు వాళ్ళకు గింజలు గట్టిగా ఉండకుండా మెత్తగా ఉడికించి, మెదిపి పెట్టాలి. వేరుశనగ కలిపితే ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

ఇక చేయాల్సింది ముందుచూపుతో లెక్క వేసుకోవడమే. కొయ్య ఆరాలి, మక్కు ఆరాలి, సున్నం ఆరాలి, చివర రంగూ ఆరాలి. వానాకాలంలో ఇవన్నీ ఇంకా ఆలస్యమవుతాయి. దసరాకు కావాల్సిన బొమ్మలు శ్రావణంలోనే చెప్పాలి. నవంబరు 14 బాలల దినోత్సవానికైతే దసరా సెలవుల్లోపే కొండపల్లి వెళ్ళి, పిల్లల సంఖ్యా వయసులూ రాసిచ్చి, ఎంతో కొంత బయానా ముట్టజెప్పి రావాలి. మూడేళ్ళలోపు వాళ్ళ లెక్క విడిగా రాయడం మరిచిపోకూడదు.